చిమ్నీలో లేని వాసన: ఒక మెటల్ కోటింగ్ యూనిట్ సీఎఫ్‌ఓ (నడిపే అనుమతి) కథ

ల్యాబ్ రిపోర్టు చూస్తే అంతా బాగానే ఉంది. పెయింట్ బూత్ చిమ్నీలో ధూళి ఘనపు మీటరుకు 38 మిల్లీగ్రాములు. మన దగ్గర పొల్యూషన్ బోర్డు కన్సెంట్ (అనుమతి) ఆర్డర్లలో మామూలుగా రాసే పరిమితి 115. ఆ రిపోర్టు వచ్చిన వారంలోనే గోడ అవతలి కాలనీవాళ్లు పొల్యూషన్ బోర్డుకు రెండో ఫిర్యాదు పెట్టారు. సాయంత్రం ఆరు దాటితే కిటికీలు తీయలేకపోతున్నామని, పిల్లలకు తలనొప్పి వస్తోందని అందులో రాశారు. ఓనరుగారు ఆ రెండు కాగితాలూ కన్సల్టెంటునైన నా టేబుల్ మీద పక్కపక్కన పెట్టి, "ఏది నమ్మమంటారండీ?" అని అడిగారు.

రెండూ నమ్మాల్సినవే. అది ఆయనకు చూపించడానికి నాకు మూడు వారాలు పట్టింది. బోర్డుకు కాగితం మీద చూపించడానికి మరో నాలుగు నెలలు.

యూనిట్ హైదరాబాద్ శివారులో ఒక పారిశ్రామికవాడలో ఉంది. పేరు చెప్పను. లెక్కలను కూడా దగ్గరి అంకెలకు సరిచేసి రాస్తున్నాను. కరెంటు ప్యానెళ్లకు ఇనుప డబ్బాలు, రోడ్డు పక్కన నిలబెట్టే పెద్ద కియోస్కులు చేస్తారు. మొదట్లో కోత, వంపు, వెల్డింగ్ వరకే చేసి, రంగు పని బయటికి జాబ్ వర్కుకు ఇచ్చేవారు. డెలివరీలు ఆలస్యమవుతుంటే విసిగిపోయి, 2018లో సొంత కోటింగ్ షాపు కట్టుకున్నారు. వరసగా ఏడు ట్యాంకులు, నీటి తెర బూత్ ఒకటి, ఎల్‌పీజీ బర్నరుతో నడిచే ఓవెన్, 250 కేవీఏ జనరేటర్. 1981 నాటి వాయు చట్టం సెక్షన్ 21 ప్రకారం ఇలాంటిది కట్టడానికి ముందే బోర్డు అనుమతి ఉండాలి. మన వాడుకలో అది సీఎఫ్‌ఈ (కన్సెంట్ ఫర్ ఎస్టాబ్లిష్‌మెంట్). కట్టాక నడపడానికి మళ్లీ సీఎఫ్‌ఓ (కన్సెంట్ ఫర్ ఆపరేషన్). నా దగ్గరికి వచ్చేసరికి సీఎఫ్‌ఈ చేతిలో ఉంది, సీఎఫ్‌ఓ దరఖాస్తు ప్రశ్నల దగ్గర ఆగింది, "ట్రయల్" పేరుతో షాపు మాత్రం రోజుకు ఎనిమిది గంటలు నడుస్తోంది. ఆ మాటను ఆయనకు నచ్చని పద్ధతిలోనే చెప్పాను. సీఎఫ్‌ఓ లేకుండా నడిపితే అప్పటి సెక్షన్ 37 కింద తక్కువలో తక్కువ ఏడాదిన్నర జైలు, ఎక్కువైతే ఆరేళ్లు. మర్నాడు నుంచి పెయింటింగ్ మళ్లీ బయటికి పంపారు. నాకు కావలసిన కొలతల కోసం మాత్రం, బోర్డు రీజినల్ ఆఫీసుకు ఉత్తరం రాసి పెట్టి, మూడు రోజులు నడిపించాం.

మొదటి ముడి కేటగిరీ దగ్గరే పడింది. పాత కన్సల్టెంటు దరఖాస్తులో "స్ప్రే పెయింటింగ్, పెయింట్ బేకింగ్" అని రాశాడు. పరిశ్రమలను కాలుష్య తీవ్రతను బట్టి రంగులుగా విడదీసి 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన జాబితాలో అది ఆరెంజ్, అంటే అన్నింటికన్నా తీవ్రమైన రెడ్‌కు ఒక మెట్టు కింద. ఆ మాట వరకు నిజమే. కానీ షెడ్డులోకి అడుగుపెట్టగానే కనబడేది బూత్ కాదు, ఏడు ట్యాంకుల వరస. నూనె తీసేది, కడిగేది, తుప్పు తీసేది, మళ్లీ కడిగేది, ఫాస్ఫేటింగ్ (రంగు పట్టేలా ఫాస్ఫేట్ పొర వేసేది), మళ్లీ కడిగేది, చివర పాసివేషన్ (తుప్పు పట్టకుండా ఆ పొరను గట్టిపరిచేది). లోహపు ఉపరితలానికి చేసే పిక్లింగ్ (యాసిడ్‌తో తుప్పు తీయడం), ఫాస్ఫేటింగ్, ప్లేటింగ్, గాల్వనైజింగ్ వంటివన్నీ అదే జాబితాలో రెడ్ కింద ఉన్నాయి. ఒక యూనిట్‌లో రెండు రకాల పనులుంటే బరువైనదే లెక్క. అంటే చేతిలో ఉన్న సీఎఫ్‌ఈ ఈ షాపుది కాదు, కాగితం మీద మాత్రమే ఉన్న ఇంకో షాపుది.

ఓనరుగారు ముందు తేలిక దారి వెతికారు. "ఆ ట్యాంకుల సంగతి రాయకపోతే ఏమవుతుందండీ? లోపల ఉన్నాయి కదా, ఎవరు చూస్తారు?" తనిఖీకి వచ్చే బోర్డు ఇంజనీరు, ఏఈఈగారు చూస్తారు అన్నాను. చూడకపోయినా షెడ్డే చెబుతుంది. తుప్పు తీసే ట్యాంకులో ఉన్నది హైడ్రోక్లోరిక్ యాసిడ్. దాని మీదున్న పర్లిన్లు (కప్పు రేకులను మోసే ఇనుప కడ్డీలు) ఏడాదికే పొరలు పొరలుగా తుప్పు రాలుస్తున్నాయి, రెండు గదుల అవతల వెల్డింగ్ బేలో పర్లిన్లు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. ఆవిరి ఎక్కడ లేస్తోందో చెప్పడానికి మీటరు అక్కర్లేదు. పాసివేషన్ డ్రమ్ము లేబుల్ చదివితే క్రోమిక్ యాసిడ్. అంటే హెక్సావాలెంట్ క్రోమియం, క్యాన్సర్ కారకం. ఏం కొంటున్నామో కొనుగోలు విభాగానికే తెలియదు, "పాసివేషన్ కెమికల్" అని బిల్లు మీద ఉంటే చాలు. దాన్ని క్రోమియం లేని రకానికి మార్చడం ఈ మొత్తం కేసులో అన్నింటికన్నా తేలికైన పని. ఒక ఫోను, రెండు ట్రయల్ బ్యాచులు.

ఇక అసలు విషయం, వాసన.

దరఖాస్తులో గాలికి సంబంధించిన పేజీ అంతా చిమ్నీల పట్టిక. బూత్ చిమ్నీ, ఓవెన్ చిమ్నీ, జనరేటర్ చిమ్నీ. ఎదురుగా ఎత్తు, వ్యాసం, "నియంత్రణ పరికరం: వాటర్ కర్టెన్". పట్టికలో గడులు అన్నీ నిండాయి. థిన్నర్ అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. నీటి తెర పట్టేది రంగు తుంపరను. థిన్నర్‌లో ఉండే జైలీన్, టోల్యూయీన్ వంటి ద్రావకాలు నీటిలో కలిసేవి కావు. తెర గుండా దర్జాగా నడిచి చిమ్నీ ఎక్కుతాయి. ధూళి కొలిచే ల్యాబ్‌వాళ్ల ఫిల్టరు కాగితం కూడా వాటిని పట్టదు. ఇంకా చెప్పాలంటే, కొంత భాగం చిమ్నీదాకా రానే రాదు.

నేను ఇలాంటి చోట మీటరుకన్నా ముందు అడిగేవి స్టోరు పుస్తకం, తూకం. రోజుకు రంగు 60 కిలోలు. రంగు డబ్బా మీదున్న సాంకేతిక వివరాల ప్రకారం అందులో 45 శాతం ద్రావకం, అంటే 27 కిలోలు. పల్చన చేయడానికి థిన్నర్ 12 కిలోలు. గన్‌లు, గొట్టాలు కడగడానికి మరో 6. కలిపితే 45. కడిగిన మురికి థిన్నర్ డ్రమ్ములోకి తిరిగి వచ్చేది 4 కిలోలు. మిగతా 41 కిలోలు ఎటు పోయాయి? ఇనుము తాగదు, ఓవెన్‌లోంచి బయటికొచ్చే డబ్బా పొడిగా ఉంటుంది. కాబట్టి 41 కిలోలూ గాలిలోనే ఉన్నాయి. 300 పనిదినాలకు 12 టన్నుల పైచిలుకు. యూరప్‌లో 1999 నాటి ద్రావకాల ఆదేశం వచ్చినప్పటి నుంచి పెద్ద పెయింట్ షాపులు ఏటా ఇదే జమాఖర్చు రాసి చూపించాలి. మన దరఖాస్తు ఫారంలో దీనికి ప్రత్యేకమైన గడి లేదు, కానీ రాయొద్దని కూడా ఎవరూ అనలేదు.

తర్వాతి ప్రశ్న, ఆ 41 కిలోలు ఎక్కడెక్కడ లేస్తున్నాయి అన్నది. ఇక్కడ నాకు దారి చూపింది పరికరం కాదు, షాపులో పాత పెయింటరు. "బూత్‌ల ఉన్నప్పుడు ఏం కాదు సార్, ఫ్యాన్ గుంజుతది. బండ్లు బయటికి తోసినంక చూడండ్రి. పొద్దుగూకేసరికి తలకాయ దిమ్మెక్కుతది" అన్నాడు. బండ్లంటే రంగు వేసిన డబ్బాలు వేలాడదీసే ట్రాలీలు. రంగు పడ్డాక ఓవెన్‌లో పెట్టే ముందు పది, పదిహేను నిమిషాలు ఆరనివ్వాలి. లేకపోతే లోపలి ద్రావకం ఓవెన్ వేడికి ఒక్కసారి ఉబికి బుడగలు వస్తాయి. దాన్ని ఫ్లాష్ ఆఫ్ అంటారు. ఈ షాపులో అందుకు చోటు లేదు. ట్రాలీలను వెనుక గేటు బయట, కాంపౌండ్ గోడ పక్కన నిలబెట్టేవారు. గోడకు అవతల కాలనీ. సాయంత్రం షిఫ్టు అయ్యాక బూత్ ఫ్యాన్ ఆపేసి, ఓవెన్‌లో పట్టని ట్రాలీలను రాత్రంతా అక్కడే వదిలేసేవారు. పొద్దు వాలాక గాలి కదలదు, నేల చల్లబడి ఆవిరి కిందనే పేరుకుంటుంది. ఫిర్యాదులో ఆరు గంటలు అని రాసింది ఊరికే కాదు.

ల్యాబ్‌వాళ్లు వచ్చింది ఉదయం 11 గంటలకు. ఫ్యాన్ నిండుగా తిరుగుతున్నప్పుడు, చిమ్నీ దగ్గరికి.

ట్రాలీ బయటికొచ్చినప్పుడు ఒక తూకం, ఓవెన్‌కు ముందు ఒక తూకం, తర్వాత ఒకటి. మూడు రోజులు 20 డబ్బాల చొప్పున వేసి చూస్తే, సుమారుగా బూత్‌లో 25 కిలోలు, ట్రాలీల మీద 8, ఓవెన్‌లో 8 అని తేలింది. మిక్సింగ్ రూంలో మూతల్లేని రంగు డబ్బాల నుంచి పోయేది కూడా ఆ మొదటి అంకెలోనే కలిసి ఉంది. ఇవేవీ శాస్త్ర పరిశోధనకు సరిపోయే కొలతలు కావు, నిర్ణయం తీసుకోవడానికి సరిపోతాయి.

అదే తూకంలో ఇంకో సంగతి బయటపడింది, నాకే కాస్త సిగ్గనిపించేది. రంగులో ఘనపదార్థం రోజుకు 33 కిలోలు. డబ్బాల మీద అంటుకున్నది 13. మామూలు ఎయిర్ గన్ పనితనం 40 శాతమంటే ఇదే. మిగతా 20 కిలోలు తుంపరగా పోయింది. బూత్ ఫ్యాన్ గంటకు 18,000 ఘనపు మీటర్లు లాగుతుంది, ఎనిమిది గంటలకు 1,44,000. ల్యాబ్ చెప్పిన 38 మిల్లీగ్రాములతో గుణిస్తే రోజుకు ఐదున్నర కిలోల రంగు పొడి చిమ్నీ దాటి పోతోంది. 115 పరిమితి పెట్టి గుణించి చూడండి, 16 కిలోలు దాటుతుంది. అంటే తుంపరలో ఐదింట నాలుగు వంతులు ఊరి మీద చల్లినా ఆ చిమ్నీ పాసే. ఎక్కువ గాలి కలిపితే ఏ అంకె అయినా చిన్నదవుతుంది. ఇన్నేళ్లుగా రిపోర్టుల్లో పరిమితి పక్కన "లోపల" అని టిక్ పెడుతూ వచ్చినవాడిని, ఈ గుణింతం ఒక్కసారైనా వేసి చూడలేదు.

ఈలోగా ఓనరుగారు ఒక పరికరాల అమ్మకందారును తీసుకొచ్చారు. పరిష్కారం రెడీ, యాక్టివేటెడ్ కార్బన్ పెట్టె, 200 కిలోల బొగ్గు, నీటి తెర తర్వాత బిగిస్తే వాసన మాయం. ధర కూడా పెద్దగా లేదు. నేను ఆయన్ని ఒక్కటే అడిగాను, బొగ్గు ఎన్నాళ్లు పనిచేస్తుందని. ఆరు నెలలు అన్నాడు. జైలీన్ వంటి ఆవిరిని బొగ్గు ఆచరణలో తన బరువులో పదో వంతు పడితే బాగా పట్టినట్టే. 200 కిలోల బొగ్గు 20 కిలోలు పడుతుంది. బూత్‌లోంచి రోజుకు వచ్చేది 25. మొదటి రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక పెట్టె నిండిపోతుంది. ఆపైన అది ఖరీదైన గొట్టం ముక్క. పైగా నీటి తెర దాటిన గాలి తడిగా ఉంటుంది, ఆ తడిలో బొగ్గు పట్టే శక్తి ఇంకా తగ్గుతుంది, రంగు తుంపర చేరి రంధ్రాలు పూడుకుపోతాయి. అమ్మకందారు కాసేపు ఆలోచించి, "అందరూ ఇదే పెడుతున్నారు సార్" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు.

ఆవిరిని కాల్చేసే పద్ధతి కూడా చూశాం. బూత్ గాలిలో ద్రావకం ఘనపు మీటరుకు 175 మిల్లీగ్రాముల దగ్గర ఉంది. అంత పల్చటి గాలిని కాల్చాలంటే ద్రావకానికన్నా ఎక్కువ గ్యాసు ఖర్చవుతుంది. ఈ సైజు యూనిట్‌కు అది అయ్యే పని కాదు.

మిగిలింది ఒకటే, ద్రావకాన్నే తగ్గించడం. చెప్పినంత తేలిక కాదు, ఎందుకంటే అది కన్సల్టెంటు చేతిలో ఉండదు, కస్టమరు స్పెసిఫికేషన్‌లో ఉంటుంది. ఆర్డర్లు తీసి చూస్తే పనిలో 70 శాతం భవనాల లోపల పెట్టే ప్యానెల్ డబ్బాలు. వాటికి ద్రవ రంగే కావాలని ఏ కస్టమరూ రాయలేదు, అలవాటుగా వేస్తున్నారు. వాటిని పౌడర్ కోటింగ్‌కు మార్చవచ్చు. పొడి రంగు, 180 నుంచి 200 డిగ్రీల ఓవెన్‌లో కరిగి అతుక్కుంటుంది, థిన్నర్ ఊసే ఉండదు, పక్కకు పోయిన పొడిని సైక్లోన్, కార్ట్రిడ్జి ఫిల్టర్లతో పట్టి మళ్లీ వాడుకోవచ్చు. ఉన్న ఓవెనే సరిపోయింది, బర్నరు ట్యూనింగ్ మార్చాల్సి వచ్చిందంతే. పెద్ద కియోస్కులు ఓవెన్‌లో పట్టవు, వాటికి ద్రవ రంగు తప్పదు. ఆ 30 శాతానికి ఘనపదార్థం 70 శాతం ఉండే రంగు, హెచ్‌వీఎల్‌పీ (ఎక్కువ గాలి, తక్కువ ఒత్తిడి) గన్‌లు. గన్ మార్చాక మళ్లీ తూకం వేస్తే అంటుకునేది 60 శాతానికి చేరింది. రోజుకు 60 కిలోల రంగు 12కు వచ్చింది, గాలిలోకి పోయే ద్రావకం 41 నుంచి 5 కిలోలకు. నీటి తెర తీసేసి రెండు దశల పొడి ఫిల్టర్లు పెట్టాం. రంగు బురద, ఆ బురద నీళ్లు రెండూ పోయాయి.

పెయింటర్లు మొదటి వారం గన్‌లను తిట్టారు. గాలి ఒత్తిడి తక్కువ, చేయి నెమ్మదిగా కదపాలి, పాత అలవాటుతో వేస్తే రంగు కారుతుంది. పాత పెయింటరే రెండో వారానికి పట్టు దొరకబుచ్చుకుని మిగతావాళ్లకు నేర్పాడు.

ట్రాలీలకు షెడ్డు లోపలే ఒక సొరంగం కట్టి, దాని గాలిని బూత్ ఫ్యాన్‌కు కలిపాం. షిఫ్టు అయ్యాక కూడా ఆఖరి ట్రాలీ ఆరేదాకా ఫ్యాన్ ఆగకుండా టైమరు పెట్టాం. బొగ్గు పెట్టె పూర్తిగా వదల్లేదు. మిక్సింగ్ రూంకు 100 కిలోలది ఒకటి పెట్టాం, అక్కడ రోజుకు అర కిలో మించి లేవదు కాబట్టి 20 రోజులకొకసారి మారిస్తే చాలు. యాసిడ్ ట్యాంకుకు అంచు వెంట గాలి లాగే హుడ్, ఆ ఆవిరిని కాస్టిక్ నీటితో కడిగే స్క్రబ్బరు. స్క్రబ్బరు నీటికి పీహెచ్ మీటరు.

చిమ్నీ గురించి కూడా చెప్పాలి, ఇది చాలా చోట్ల చూసే తప్పు. పాత చిమ్నీ వంపు తిరిగిన మీటరుకే పరీక్ష రంధ్రం ఉంది. అక్కడ గాలి సుడులు తిరుగుతుంది, కొలిచింది కొలత కాదు. వంపు నుంచి పైకి రంధ్రం దాకా గొట్టం వ్యాసానికి ఎనిమిది రెట్ల దూరం, రంధ్రం పైన మరో రెండు రెట్లు తిన్నగా ఉండాలి. వ్యాసం 0.8 మీటర్లు కాబట్టి మొత్తం 8 మీటర్ల నిటారు గొట్టం. వంపు 5 మీటర్ల ఎత్తులో ఉంది, అందుకని చిమ్నీ 13.5 మీటర్లకు పెరిగింది. నిచ్చెన, నిలబడే ప్లాట్‌ఫాం వచ్చాయి. పైన వానకు పెట్టిన టోపీ తీయించాం, అది పైకి పోయే గాలిని కిందికి తోస్తుంది. జనరేటరుకు లెక్క సులువు, కేవీఏ వర్గమూలాన్ని 0.2తో గుణిస్తే భవనం పైన ఉండాల్సిన ఎత్తు. 250కి 3.2 మీటర్లు.

ఇదంతా పెట్టి, పాత సీఎఫ్‌ఓ దరఖాస్తు వెనక్కి తీసుకుని, రెడ్ కేటగిరీ కింద కొత్త సీఎఫ్‌ఈకి టీఎస్-ఐపాస్ (పరిశ్రమల అనుమతులన్నీ ఒకేచోట ఇచ్చే రాష్ట్ర ప్రభుత్వ పద్ధతి) ద్వారా వెళ్లాం. ఓనరుగారికి ఇది మింగుడుపడలేదు. ఫీజు మళ్లీ కట్టాలి, పదేళ్ల అనుమతి వచ్చే చోట ఐదేళ్లదే వస్తుంది. నా వాదన ఒకటే. తప్పు కేటగిరీలో తెచ్చుకున్న అనుమతి ఫిర్యాదు వచ్చిన రోజున మనల్ని కాపాడదు. కాలనీవాళ్లు ఇప్పటికే రెండు రాశారు.

బోర్డు కమిటీ ముందు అడిగిన ప్రశ్నల్లో సగం నేను ఊహించినవే. ఫాస్ఫేట్ బురద ఎక్కడికి? ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో అది మొదటి షెడ్యూలు 12.5, దుండిగల్ టీఎస్‌డీఎఫ్‌కు (ప్రమాదకర వ్యర్థాలను శుద్ధి చేసి పూడ్చే కేంద్రానికి). పౌడర్ బూత్‌కు చిమ్నీ ఏది? లేదు, ఫిల్టరు దాటిన గాలి షెడ్డులోకే తిరిగొస్తుంది. ఊహించనిది ఒకటి వచ్చింది. "బూత్‌కు కార్బన్ ఎందుకు పెట్టలేదు? మిగతా యూనిట్లు పెట్టాయి కదా." నేను బొగ్గు తూకం లెక్క ఉన్న ఒక్క పేజీ ముందుకు జరిపాను. ఒక సభ్యుడు క్యాలిక్యులేటరు తీసి తనే వేసుకున్నారు. అంత తక్కువ మాటల్లో ఒప్పించిన సందర్భం నా వృత్తిలో ఇంకొకటి లేదు. దానికి బదులుగా వాళ్లు ఒక షరతు పెట్టారు. ప్రతి నెలా రంగు, థిన్నర్ ఎంత కొన్నారు, ఎంత వాడారు, ఎంత మురికి థిన్నర్ బయటికి పంపారు అన్న రిజిస్టరు రాసి రీజినల్ ఆఫీసుకు ఇవ్వాలి. బోర్డు తనంతట తాను ఈ జమాఖర్చు అడగడం నేను అదే మొదటిసారి చూడటం.

సీఎఫ్‌ఈ, కట్టడం మార్పులు, తనిఖీ అన్నీ అయి సీఎఫ్‌ఓ చేతికొచ్చాక, ఏఈఈగారు ఒక సాయంత్రం చెప్పకుండా వచ్చారు. గేటు బయట గోడ పక్కన పది నిమిషాలు నిలబడి, లోపలికి రాకుండానే వెళ్లిపోయారు. తర్వాత కాలనీ నుంచి ఫిర్యాదు రాలేదు. ఒకాయన మాత్రం జనరేటరు చప్పుడు గురించి వచ్చి అడిగి వెళ్లాడు.

మొదటి నెల రిజిస్టరు కుదరలేదు. కొన్న థిన్నరుకు, వాడిన థిన్నరుకు మధ్య 60 కిలోలు తేడా. ఓనరుగారు దొంగతనం అనుకుని స్టోరు కుర్రాణ్ని నిలదీశారు. మూడు రోజులు వెతికితే తెలిసింది, వెల్డింగ్ బేలో వాళ్లు నూనె మరకలు తుడవడానికి బక్కెట్లతో పట్టుకెళ్తున్నారు, చాలా ఏళ్ల నుంచి. ఆ బేకు చిమ్నీ లేదు, దరఖాస్తులో దాని పేరూ లేదు.